కూతగాడి మాట

"నన్నడగకుంట నన్నెట్ల ఇస్తరు సేటూ?"

ఆదిలాబాద్ జిన్నింగు మిల్లు గేటు ముందు సిద్దిరాములు తువ్వాల దులిపి భుజాన వేసుకున్నాడు. మిల్లు కబడ్డీ జట్టులో కూతకు పోయేవాళ్లలో అతనే మొనగాడు. అంతటివాణ్ని సేటు మంచిర్యాల రైసుమిల్లు యజమానికి ఇచ్చేశాడు. బదులుగా, కాళ్లు పట్టి పడేసే ఇద్దరు ఆటగాళ్లు అక్కడినుంచి వస్తారట.

"గింత లొల్లెందుకు రాములూ? ఆడనే పని, ఆడనే ఆట. గంతే గద," అన్నాడు సేటు.

"పండ్లు చూసి తోల్కపోనీకి నేనేమన్న అంగట్ల కోడెనా? నైజాం పోయి పదేండ్లాయె, ఇంక మనుషుల ఇచ్చుకునుడు పుచ్చుకునుడేంది?"

పత్తి బోరాలు మోసేవాళ్లు కిసుక్కున నవ్వారు. జట్టులోని జబ్బార్ ముందుకొచ్చాడు. "సహీ బాత్ సేటూ. ఇయ్యాల రాములన్న, రేపు నేను. ఒక్క మాట అడగాలె గద!"

అతన్ని తీసుకుపోవడానికి వచ్చిన రైసుమిల్లు యజమాని మాత్రం పక్కనే కుర్చీలో కూర్చుని నింపాదిగా చాయ్ ఊదుకుంటున్నాడు. "మేం అడగాల్సిన కాడ అడిగినం తమ్మీ," అన్నాడు.

"సేటునే గద అడిగిండ్రు! కూత నాది, దమ్ము నాది. పోవుడో ఉండుడో చెప్పేది నేను."

అంతే, జట్టంతా గేటుకు అడ్డంగా కూర్చుంది. పోటీ చూస్తే ఎల్లుండే. సేటు టోపీ తీసి తల గోక్కున్నాడు.

"సరే తియ్! ఇగ నుంచి ఆటగాడు ఊఁ అననిదే ఎవ్వరికియ్య. ఖుషేనా?"

జబ్బార్ ఈల వేశాడు. రైసుమిల్లాయనకు కోపమే రాలేదు. "ముందుగాల ఇంటికి పోయి రా తమ్మీ. ఎన్క మాట్లాడుదం," అన్నాడు నవ్వుతూ.

నలుగురిని ముట్టి గీత దాటి వచ్చినవాడిలా, ఛాతీ విరుచుకుని ఇల్లు చేరాడు సిద్దిరాములు. గడపలోనే ఆగిపోయాడు. గిన్నెలన్నీ గోనెసంచిలోకి ఎక్కాయి. గంప కింది కోడిపెట్ట కాళ్లకు తాడు పడింది. అతని భార్య దేవవ్వ పరుపు చుట్ట కడుతోంది.

"ఏందే గీ సర్దుడు?"

"మంచిర్యాల పోవద్దా? ఆడికెల్లి నస్పూర్ల మా తల్లిగారిల్లు కూతవేటు దూరమే నాయె."

"ఎవరు పొమ్మన్నరే? గిప్పుడే సేటుతోని కొట్లాడి గెలిచొచ్చిన. అడగకుంట ఎవ్వరియ్యరు ఇగ!"

దేవవ్వ నుదుట నిండుగా ఉన్న కుంకుమను సవరించుకుంది.

"అడగకేం? గా రైసుమిల్లు దొరసాని నిన్ననే వచ్చి, బొట్టు పెట్టి, రైకగుడ్డ ఒళ్లె పెట్టి మరీ అడిగింది. నిన్ను తోల్కస్తనని నేను మాటిచ్చిన!"