బండకు అతికించిన గాజు

"పగల్లేదు," అన్నాడు ఇంజినీరు, బండ చీలికకు అడ్డంగా అతికించి ఉన్న గాజుపట్టీని వేలితో తట్టి.

ఇంటి వెనక కొండబండ అది. చీలిక పెరిగితే గాజు పగులుతుంది. గాజు పగిలితే ఇల్లు ఖాళీ చేయించి వేరేచోట ఇల్లిస్తారు. ఏడాది కిందట గాజు అతికించినప్పటినుంచి నెలనెలా వస్తున్నాడు. నెలనెలా అదే మాట.

"మొదట్లో ఇందులో నా చిటికెనవేలు కూడా పట్టేది కాదండీ. ఇప్పుడు బొటనవేలు పడుతోంది," అంది అమ్మాయి.

"వేళ్ళతో కొలిస్తే ఆఫీసులో ఒప్పుకోరమ్మా. నా ఫారంలో రెండే గడులు. పగిలింది, పగల్లేదు."

ఆమె గోటితో బండను గీకింది. నిరుడు మెరిసిన పలుకులు తెల్లటి పిండిలా రాలాయి. కింద తుప్పురంగు చార.

"వాననీళ్ళు దిగి లోపల రాయిని మట్టి చేస్తున్నాయండీ. ఎండకి ఉబ్బడం, చలికి ముడుచుకోవడం. సందులో వేరు కూడా దూరింది. బళ్ళో చెప్పారు..."

తండ్రి నవ్వాడు. వీధివైపు గదిలో ఫొటోలకు అద్దాలు కోసి ఫ్రేములు కట్టే కొట్టు ఆయనది. "రాయికి తుప్పు పట్టిందట సార్. మా పంతులమ్మ కనిపెట్టింది."

"రాయికి కాదు నాన్నా, అందులో ఉన్న ఇనుముకి."

"మా తాతకంటే ముందు పుట్టిన బండే. నీ పరీక్షలయ్యేదాకా ఆగదా?"

ఇంజినీరు రెండో గడిలో టిక్కు పెట్టి వెళ్ళిపోయాడు.

"నువ్వైనా చెప్పమ్మా," అంది అమ్మాయి ఇంట్లోకొచ్చి.

తల్లి బట్టలు మడతపెడుతూ, "మీ నాన్నను కదిలించడం కంటే ఆ బండను కదిలించడం తేలిక. పదిహేనేళ్ళ గిరాకీ వదిలి ఎక్కడికి పోతామంటారు. గాజు కూడా ఆయన మాటే వింటోంది, ఏం చేస్తాం," అంది.

తమ్ముడి మంచం బండవైపు కిటికీ కిందే. అమ్మాయి దుప్పటి దులిపితే ఇసుక రాలింది. దాన్ని గుప్పిట్లో పట్టుకుని, రెండో చేత్తో కొట్లోని సుత్తి తీసుకుని ఇంటి వెనక్కి నడిచింది.

సుత్తి ఎత్తేసరికి తండ్రి మణికట్టు పట్టుకున్నాడు.

"ఏం పని ఇది?"

"ఇదొక్కటి పగిలితే చాలు నాన్నా. ఎంతకీ పగలదే, మొండి ముక్క. ఇది చూడు, తమ్ముడి పక్కలోది."

గుప్పిట విప్పింది. ఆయన ఆ ఇసుకను వేళ్ళతో నలిపి చూశాడు. సుత్తి తీసుకుని నేలమీద పెట్టాడు.

"పద, ఇంజినీరు దగ్గరికి వెళ్దాం."

"వెళ్ళి ఏం చూపిస్తాం? పగలందే ఆయన నమ్మడుగా."

ఆయన తల దించుకున్నాడు.

"ఇది ఆయన అతికించిన గాజు కాదమ్మా. పగిలినవి కొట్లో ఎనిమిది దాచాను."