చీమల తొవ్వ

"మళ్లొచ్చినవా నాయినా? నీకు పనీపాట లేదా?"

మల్లవ్వ సానుపు బకెట్ కింద పెట్టి నడుము పట్టుకుంది.

వాకిట్లో ఆ కొత్త మనిషి గొంతుక్కూర్చున్నాడు. మాసిన అంగీ, చంకలో సంచి. పెంకుముక్కలు నిలబెట్టి సందులు చేశాడు. ఒక కొసన చీమల బొక్క, ఇంకో కొసన బెల్లం.

"ఇవి మన కొత్తవాడ గల్లీలవ్వా. బొక్కేమో నూలు గోదాం, బెల్లం మీ ఇల్లు. దగ్గరి తొవ్వ చీమలే చెప్తయి."

"చీమలు చెప్పుడా!"

"ముందుగాల అన్ని గల్లీలు తిరుగుతయి. దగ్గరి తొవ్వల పోయినయి జల్ది మర్లుతయి. ఆ వాసన పట్టి మిగిలినయి గూడ అటే పోతయి. వాటికి పెద్దమనుషుల ఇండ్లు తెల్వయి గద!" నవ్వాడు. "ఇయ్యాలొక్కనాడు సానుపు చల్లకవ్వా."

"వాకిలి తడపకుంటే ఇంట్ల చావైందంటరు. లే అవతలికి!"

నీళ్లు గుమ్మరించింది. చీమలు కొట్టుకుపోయాయి. అతను పెంకులు మళ్లీ పేర్చుకున్నాడు.

మల్లవ్వ కోపం అతని మీద కాదు. నూలు బండి పెద్దమనుషుల వాడంతా తిరిగి, దీపాలు పెట్టే వేళకు తన గడపకు వచ్చేది. మసక పడితే భర్త వెంకటరాజానికి పోగు కనబడదు. మగ్గం ఊరికే పడి ఉంటోంది. ఈ నెల కూడా జంపఖానా నేసివ్వకపోతే నూలు బంద్ అన్నారు నేతగాళ్ల సొసైటీవాళ్లు. సొసైటీకి కొత్త సారు వచ్చాడని విని, కాళ్లీడ్చుకుంటూ మొరపెట్టుకోవడానికి పోయేది. ఎప్పుడు పోయినా కుర్చీ ఖాళీ.

"సారు బయట తిరుగుతాండు," అనేవాడు బంట్రోతు.

ఓ సాయంత్రం ఆ కొత్త మనిషి గడప ముందు ఆగి, "పోయొస్తవ్వా," అన్నాడు.

మల్లవ్వ తలెత్తలేదు.

తెల్లారి పొద్దెక్కకముందే గట్టయ్య తోలే నూలు బండి వచ్చి ఆగింది.

"ఇదేంది గట్టయ్యా, ముందుగాల మా ఇంటికే?"

"సారు హుకుం. ఎన్క గల్లీల కెల్లి మీదే దగ్గరట. పెద్దమనుషులు ఊకుంటరా? దూరం బదిలీ చేయించిండ్రు. పోనన్న పోయిండు గని హుకుం మార్చలే."

"అయ్యో, మొఖమన్న సూడకపోతి. ఎట్లుంటడు?"

"ఏముంటడు! మాసిన అంగీ, చంకల సంచి."

లోపల మగ్గం చప్పుడు మొదలైంది. మల్లవ్వ చేతిలో బకెట్ అట్లాగే ఉండిపోయింది.

కాసేపటికి పక్కింటి యాకమ్మ గాబరాగా వచ్చింది.

"వాకిలి తడపలేదేందక్కా? ఇంట్ల ఏమన్నైందా?"

"ఏం కాలే. జర పక్కకెల్లి నడువు చెల్లె," అంది మల్లవ్వ, పెంకుముక్కల కొసన బెల్లం పెడుతూ. "అది మన సొసైటీ సారు ఏసిన తొవ్వ."