వినపడని హాలు

పాత నాటకశాలకు ద్రోహం చేసినవాడు మా మావయ్య. హాళ్లలో మాట ఎంత దూరం వినిపిస్తుందో పరీక్షించి రిపోర్టు రాయడం ఆయన ఉద్యోగం.

ఊరు చూడ్డానికొచ్చిన నన్ను కచేరీ హాళ్లన్నీ తిప్పాడు. పాత నాటకశాలలో నన్ను చివరి వరుసలో కూర్చోబెట్టి, వేదిక మీంచి మెల్లగా అడిగాడు: "అల్లుడూ, వినిపిస్తోందా?"

"ఒక్క ముక్క వినపడితే ఒట్టు మావయ్యా!" అన్నాను, ఆటపట్టిస్తూ.

"ఓరి చెవిటి మేళమా!" అని నవ్వుతూ ఏదో రాసుకున్నాడు.

నిన్న హాలు తలుపుకి నోటీసు అంటించారు: "చివరి వరుసకు మాట అందదని ప్రేక్షకుడే చెప్పినందున ఈ హాలు కూల్చివేయబడును."

మావయ్యను నిలదీశాను.

"నేను రాసింది నీ మాటే కదరా! పైవాళ్లకి కావలసిందీ అదే."

ఆ ద్రోహంలో సగం నాది. అందరి ముందూ ఒప్పుకుంటాను. రేపు ఉదయం తొమ్మిదింటికి, గునపం పడకముందే, హాలుకు రండి.