అందరి ఇల్లు

"తాళమేనా?"

"తాళమే."

పబ్బు యజమాని వెనక సందులోంచి చెమటలు కక్కుకుంటూ వచ్చి చెప్పాడు. అడిగిన భార్య గ్లాసు తుడుస్తూ తలెత్తలేదు. పక్కింటి తలుపు కొట్టీ కొట్టీ ఆయన వేళ్లు కాయలు కాశాయి. పగలు వెళ్తే తాళం, సాయంత్రం వెళ్తే తాళం.

వీళ్లు పబ్బు తీసుకుని మూడు నెలలు. తాత్కాలిక అనుమతి మీదే బండి లాక్కొచ్చారు. ఇవాళ లైసెన్సు అధికారి వస్తాడు. ఉమ్మడి గోడ అవతలి మనిషి "నాకు అభ్యంతరం లేదు" అని ఒక్క ముక్క ఆయన చెవిన వేస్తే చాలు, అనుమతి ఖాయం. లేదంటే రేపట్నుంచి పబ్బు మూతే.

అయినా గదిలో మాత్రం పెళ్లివారి హడావిడి. రంగు లైట్లు, ఇసకేస్తే రాలనంత జనం, ఓ పక్క గిటారు.

"అసలు పబ్ అంటే ఏంటన్నా?" అడిగాడు టాక్సీ డ్రైవరు.

అడగడమే ఆలస్యం, యజమాని కుర్చీ ఎక్కాడు.

"పబ్లిక్ హౌస్‌కి ముద్దుపేరు. పూర్వం మామూలు సంసారులే ముందుగది తలుపు తీసిపెట్టి, దారిన పోయేవాళ్లని కూర్చోబెట్టి, ఇంట్లో కాచిన బీరు పోసేవాళ్లట. అంటే ఇది దుకాణం కాదు నాయనా, అందరి ఇల్లు."

"అందరి ఇల్లే. ఊడ్చేది మాత్రం నేనొక్కదాన్నే," అంది భార్య.

గది ఘొల్లుమంది. అందరికంటే ఎక్కువసేపు నవ్వింది సోడా బాబాయ్.

ఆయనకా పేరు పెట్టింది ఆవిడే. చీకటి పడే వేళకి ఆఫీసు సంచితో వస్తాడు. గోడవారగా మూల బల్ల దగ్గర చేరి, ఒక్క సోడాతో మూసేదాకా గడిపేస్తాడు. తాగడు, మాట్లాడడు. వింటాడు, నవ్వుతాడు.

ఫోను మోగింది. అధికారి వీధి మలుపు దాకా వచ్చేశాడు.

ఆవిడ గదంతా కలయజూసింది. ఆయన్నెక్కడ కూర్చోబెట్టాలి? ఉన్నవాటిలో కాస్త దర్జాగా ఉన్నది ఆ మూల బల్లే.

"బాబాయ్ గారూ, ఇవాళ ఈ బల్ల కావాలండీ."

"అలాగేనమ్మా, ఓ పక్కన నిలబడతాలే. డ్రైవరు చెప్పే కథ ఇప్పుడే రసపట్టులో పడింది."

"నిలబడటానికీ చోటు లేదండీ. అయినా ఒక్క సోడా మీద ఎన్నాళ్లు కాపురం చేస్తారు? మీకూ ఓ ఇల్లుంటుందిగా, వెళ్లి కాసేపు అక్కడ కూర్చోండి."

నవ్వుతూనే అంది. చుట్టూ ఉన్నవాళ్లూ నవ్వారు.

ఆయన మాత్రం నవ్వలేదు. సగం సోడా వదిలేసి, సంచి భుజాన వేసుకుని వెళ్లిపోయాడు.

అధికారి వచ్చాడు. మూల బల్ల, మెరిసే గ్లాసు, వేడి వేడి పకోడీల పళ్లెం. దేన్నీ ముట్టుకోలేదు.

"పక్కింటాయన ఏరీ?"

యజమాని పళ్లెం ఆయన ముందుకి జరిపాడు. అంతలో కిటికీ దగ్గర్నుంచి టాక్సీ డ్రైవరు కేకేశాడు.

"అన్నా, పక్కింట్లో లైటు వెలిగింది!"

గదంతా ఒక్కసారిగా లేచింది. యజమాని గుమ్మం దాకా పరిగెత్తాడు.

"మీరు రావద్దు. మీరుంటే ఆయన మొహమాటపడతారు," అంటూ అధికారి ఒక్కడే సందులోకి వెళ్లాడు.

గిటారాయన తీగలు బిగించాడు. యజమాని గ్లాసులన్నీ వరస పెట్టేశాడు. ఆవిడ తుడిచిన గ్లాసునే తుడుస్తోంది, పెదవి కొరుక్కుంటూ, నవ్వాపుకుంటూ.

అధికారి తిరిగొచ్చాడు. కూర్చోలేదు.

"అభ్యంతరం ఉందట."

గిటారు ఆగింది.

"ఇన్నాళ్లూ ఒక్క మాట అనని మనిషికి ఇవాళే ఏం వచ్చిందట?" అంది ఆవిడ.

"నేనూ అదే అడిగానమ్మా. 'గోడ అవతల ఉంటే వాళ్ల గోలకి నిద్ర పట్టదు, కథలేమో సగమే వినిపిస్తాయి, అందుకే రోజూ అక్కడికే వెళ్లి ఓ సోడా పెట్టుకుని మొత్తం వినొచ్చేవాణ్ణి, ఇవాళ ఇంటికెళ్లి కూర్చోమన్నారు' అన్నారాయన."