సగం జీతం

సాధన మధ్యలోనే లవెల్‌ను పక్కకు పిలిచాడు బాస్కెట్‌బాల్ జట్టు మేనేజరు గోర్మన్. "ఏడడుగులవాణ్ణి పట్టేశాం లవెల్! ఈ ఏడు చాంపియన్లం మనమే."

లవెల్ చెమట తుడుచుకుంటూ నవ్వాడు. పదమూడేళ్లుగా ఈ జట్టుకే ఆడుతున్నా గెలిచిన జట్టుకిచ్చే చాంపియన్ ఉంగరం వేలికి పడలేదు. అలాంటివాణ్ణి కొనడానికి డబ్బు మిగలాలనే కదా, పోయిన వేసవిలో తన జీతాన్ని తానే సగానికి కోసుకున్నాడు!

"నే చెప్పలా సారూ, జీతాలకు డబ్బు పోసిన జట్టే గెలుస్తుందని? ఇంతకీ వాడికి బదులు ఆ జట్టుకు ఎవర్ని ఇచ్చారు?"

"నిన్నే."

"వేళాకోళమా?"

"ఆటగాళ్ల మార్పిడికి మూడింటితో గడువు తీరింది. సంతకాలు కూడా అయిపోయాయి. ఇంత చవగ్గా ఇంత మంచి ఆటగాడు దొరుకుతాడా అని వాళ్లే ఎగబడ్డారు."

"నేను తగ్గించుకున్నది ఇక్కడే ఉండి గెలుద్దామని సారూ!"

"తెలుసయ్యా. పాత జీతమే ఉంటే నిన్ను ఊరికే ఇస్తానన్నా ఎవడూ ముట్టుకునేవాడు కాదు. చచ్చినట్టు మేమే ఉంచుకునేవాళ్లం."

గోర్మన్ లవెల్ భుజం తట్టాడు.

"వెళ్లేముందు ఒక్క సాయం చెయ్యి. జీతం తగ్గించుకోమంటే మన జట్టులోని థియో బెట్టు చేస్తున్నాడు. కాస్త నచ్చజెప్పు. నీ మాటైతే వింటాడు."