జారుముడి

"పట్టుకో అబ్బా, పోతాండా!" అని అరుస్తూనే లాల్‌సాబ్ నీళ్ళలో పడ్డాడు.

అతని కాళ్ళ కింద జోడుదోనె రెండుగా విడిపోయింది. ఎడమకాలు ఒక దోనెలో, కుడికాలు ఇంకో దోనెలో, మధ్యలో నిలువునా మునిగిన హిందూపురం చేపల వ్యాపారి. బుక్కపట్నం చెరువు ఒడ్డున కుళ్ళాయప్ప పొట్ట పట్టుకుని నవ్వాడు.

"నీ నవ్వు తగలబడ! మళ్ళా జారుముడి వేసినావా?"

"ముడి మంచిదే సాబ్. ఖాళీ దోనెకైతే గట్టిగానే నిలబడతాది. నీ బొజ్జ చూసి సిగ్గుపడి జారిపోయినాది."

రెండు సన్నటి దోనెలు పక్కపక్కన పెట్టి, మధ్యలో వెదురు తడిక పరిచి, తాళ్ళతో బిగించి, పైన తెరచాప ఎత్తడం ఆ చెరువులో కుళ్ళాయప్ప ఒక్కడికే తెలుసు. మూడో తరగతితో బడి మానేసిన మనిషి, ఊళ్ళో వాళ్ళందరినీ ఏదో ఒకసారి నీళ్ళలో ముంచి నవ్వినవాడు. రెండేళ్ళ కిందట ఒకే నెలలో కొడుక్కీ, కూతురికీ కర్మ చేసిన రోజుల్లో మాత్రం నవ్వలేదు. కొడుకును ధర్మవరం సంతలో అవతలి ఒడ్డు ముఠా నాయకుడు రంగప్ప మనుషులు వేటకొడవళ్ళతో నరికారు. తెగిపడిన వేళ్ళను కుళ్ళాయప్పే తువ్వాల్లో ఏరుకున్నాడు.

లాల్‌సాబ్ పంచె పిండుకుంటుండగా అవతలి ఒడ్డు నుంచి ఒక గుండ్రటి పుట్టి పడవ గిరగిరా తిరుగుతూ వచ్చి తగిలింది. అందులోంచి ఒకతను దూకాడు. చొక్కా నిండా నెత్తురు. ఒక చెవి సగం తెగి వేలాడుతోంది. రంగప్ప జీపు డ్రైవరు దస్తగిరి.

"కుళ్ళాయన్నా, పడవ గావాల. ఇప్పుడే."

కుళ్ళాయప్ప లోపల నవ్వు చచ్చిపోయింది. మొహం మీద మాత్రం అలాగే ఉంచుకున్నాడు.

"యాడికప్పా?"

"మా ఒడ్డు నుంచి ఈడికి. ఈడనుంచి పెనుకొండ ఆసుపత్రికి కారు మాట్లాడినాం. కట్ట రోడ్డు మీద జీపుకి బాంబులేసిరి. ముందు కూచున్నోడు తునకలైపాయ. దోవంతా కొడవళ్ళు పట్టుకోని కాసుకోనుండారు."

"తెచ్చేది ఎవురిని?"

"అడగొద్దన్నా. చెప్తే నువ్వియ్యవు."

రంగప్ప జీపు. కుళ్ళాయప్పకు ఇంకేమీ చెప్పనక్కర్లేకపోయింది.

"పుట్టిలోనే తీసకరాకూడదా? బోర్లాపడదు కదా."

"గంట పట్టె దాంతో. అంతసేపు ప్రాణం నిలబడదన్నా."

"అయితే ఒంటిదోనె తీసకపో. విడిచిన బాణమే అది."

"ఊగుతాది. మనిషి కూచునే పని లేదు, పండుకోబెట్టి తేవాల. చెంబు నిండా నీళ్ళు పెడితే తొణకకూడదు."

"ఏమబ్బా, పెండ్లికూతురినేమన్నా తెస్తాండావా?"

దస్తగిరి తల దించుకున్నాడు.

"సరే, జోడే కడతా. ఉరుకేది సన్నదోనెలు, సుఖంగా మోసేది నడిమి తడిక. రెండింటికీ మధ్య రెండు మూరలు ఎడం ఉంటే అల వచ్చినా కదలదు. మరీ ఎడమిస్తే మలుపు తిరగదు. బరువెంత ఉంటాది మనిషి?"

"ఉంటాదన్నా. మామూలుకంటే ఎక్కువే."

రంగప్ప పొట్ట కళ్ళ ముందు ఆడింది. దస్తగిరి తెరచాప తేవడానికి గుడిసెలోకి పోగానే కుళ్ళాయప్ప వంగి తాడు అందుకున్నాడు. వేళ్ళు వాటంతట అవే పనిచేశాయి. లాల్‌సాబ్ ఆ ముడి చూసి చెయ్యి పట్టుకున్నాడు.

"కుళ్ళాయా, వద్దు. ఇది నవ్వులాట కాదు. ఎవురో కనుక్కో ముందు."

కుళ్ళాయప్ప మోచేత్తో అతని మూతి మీద పొడిచాడు. పన్నొకటి ఊడి బురదలో పడింది. లాల్‌సాబ్ నోరు మూసుకుని కూలబడ్డాడు. వేళ్ళ సందుల్లోంచి నెత్తురు కారింది.

"ఏమైందన్నా సాబుకి?" అన్నాడు దస్తగిరి తెరచాపతో వస్తూ.

"ఇందాక పడవలోంచి పడె. నువ్వు ఎక్కు."

"ముడి గట్టిదేనా?"

"నా ఇంటి మనిషినైనా ఎక్కిస్తా, పో."

దస్తగిరి ఉన్నట్టుండి అతని రెండు చేతులూ పట్టుకుని కళ్ళకద్దుకున్నాడు. "నీ ఒడ్డుకు చేరితే చాలంటాండారన్నా. ఇంకేం వద్దంట."

జోడుదోనె నీళ్ళను చీల్చుకుంటూ గీత గీసినట్టు పోయింది. అవతలి ఒడ్డున మనుషులు గుమిగూడడం, తడిక మీద దుప్పటి కప్పిన ఆకారాన్ని పడుకోబెట్టడం చుక్కల్లా కనిపించింది. పక్కన ఇంకొకతను ఎక్కాడు. తెరచాప మళ్ళీ ఇటు తిరిగింది. చెంబు పెట్టినా తొణకదు. అంత నిదానంగా, అంత వేగంగా వస్తోంది.

సగం చెరువు దాటింది.

ముందు ఎడమ దోనె పక్కకు జరిగింది. తర్వాత తడిక నడుము విరిగినట్టు కుంగింది. తెరచాప కూలి దుప్పటి మీద పడింది. కొయ్య తగిలి దస్తగిరి తల పగిలింది.

కుళ్ళాయప్ప రెండేళ్ళలో మొదటిసారి మనసారా నవ్వాడు. "చూస్తివా నాయనా! రంగప్పను ముంచినా!" అని చచ్చిన కొడుకును పిలిచి మరీ నవ్వాడు.

లాల్‌సాబ్ నెత్తుటి మూతితోనే ఒంటిదోనెను నీళ్ళలోకి తోశాడు. అప్పుడే గాలి ఇటు తిరిగి నడి చెరువులోంచి ఒక కేకను మోసుకొచ్చింది.

"నీలావతీ! అయ్యో, నిండు చూలాలు! ఎవరన్నా రాండ్రో!"

ఆ గొంతు రంగప్ప కొడుకుది.

నీలావతి, ఆ రంగప్ప కొడుకును కట్టుకుందని బతికుండగానే కుళ్ళాయప్ప కర్మ చేసిన కూతురు.