'క' గండం

"పేరు చెప్పప్పా, పేరు! పేరు లేకుండా మైకులో ఏమని పిలిచేది?" అన్నాడు దామోదరం.

కాణిపాకం గుడి బయట తప్పిపోయినవాళ్ల కోసం పెట్టిన మైకు అతని చేతిలో ఉంది. ఎదురుగా నగరి నుంచి వచ్చిన మురుగేష్ చెమటలు కక్కుతున్నాడు. దర్శనమై బయటికొచ్చే తోపులాటలో భార్య కోమలి తప్పిపోయింది. ఫోన్లు రెండూ కౌంటర్లో ఉన్నాయి. రసీదు ఆమె దగ్గరుంది.

మురుగేష్‌కు నత్తి. మిగతా అక్షరాలతో ఎలాగో నెట్టుకొస్తాడు. 'క' దగ్గర మాత్రం గొంతు బిగుసుకుపోతుంది. కాఫీ తాగాలనిపించినా టీ అడిగి సరిపెట్టుకునే మనిషి. పెళ్లయి ఏడాదవుతున్నా భార్యను "ఇదిగో", "ఏమే" అనే పిలుస్తాడు.

"మా... మా ఇంటామె సామీ!"

"ఈడుండేవాళ్లంతా ఎవురో ఒకరి ఇంటామెలే గదప్పా!"

"ప... పచ్చచీర. ఎ... ఎర్రంచు. మా మ... మగ్గం మీద నేసిందే."

దామోదరం గొంతు సవరించుకున్నాడు. "పచ్చచీర కట్టుకున్న అమ్మా! మీ ఇంటాయన మైకు కాడ ఎదురుచూస్తా ఉండాడు. బిన్నా రాండమ్మా!"

కాసేపటికి ఎక్కడెక్కడి పచ్చచీరలూ వచ్చి అక్కడ మూగాయి. ఒక ముసలమ్మ మురుగేష్‌ను పైనుంచి కిందికి చూసి, "మా ఆయన ఇంత చిన్నోడు కాదులే," అంది. జనం గొల్లుమన్నారు.

దామోదరం కాగితం, పెన్ను ముందుకు తోశాడు. "నోరు తిరక్కపోతే రాసియ్యప్పా. నేను సదువుతా."

మురుగేష్ పెన్ను అందుకున్నాడు. అంతలో జనంలో ఎవరో, "పాపం, మూగాయన," అన్నారు.

పెన్ను ఆగిపోయింది.

"మా... మాటలొస్తాయి నాకు," అన్నాడు. పెన్ను బల్లమీద పెట్టేసి చెయ్యి చాచాడు. "మై... మైకు ఇట్లియ్యి సామీ. నా పెళ్లాన్ని నే... నేనే పిలుచుకుంటా."

దామోదరం మైకు అందించాడు.

"క్... క్... కో..."

వీధంతా ఆ 'కో' మోగింది. పూలు కట్టేవాళ్ల చేతులు ఆగాయి. ఎవరో కిసుక్కుమన్నారు. మురుగేష్ మెడనరాలు ఉబ్బాయి. అయినా మైకు వదల్లేదు. కళ్లు మూసుకుని, ఊపిరి తీసుకుని మళ్లీ మొదలుపెట్టాడు.

"కో... కో... కోమలీ! నేను ఈడుండా. రా!"

అతను కళ్లు తెరిచేసరికి ఆ ముసలమ్మ భుజం పక్కనుంచి కోమలి ముందుకొచ్చింది.

"యా... యాడికి పోయినావే? ఎంత బ... భయపడినానో తెలుసా?"

"యాడికీ పోలేదు మామా. ఈ పచ్చచీరలోళ్లతోనే వచ్చినా. ఈ అవ్వ ఎనకే నిలబడుకోనుండా."

"మ... మరి పలకలేదేం?"

కోమలి కొంగుతో అతని చెమట తుడిచింది. "నీ నోట నా పేరు ఇనాలని పెళ్లయినప్పట్నుంచీ కాసుకోనుండా మామా. ఇంగొక్క నిమిషం ఆగలేనా?"